రాతి వెనక తేదీ

ఆళ్ళగడ్డ,
8 ఆగస్టు

శ్యామన్నకు రాజరత్నం నమస్కారాలు.

ముందుగా నా రాతను మన్నించు. రాతి మీద కుదిరే అక్షరం కాయితం మీద కుదరదు. మన ఊరి బడిలో అయిదు దాకా చదివినోణ్ణి, తప్పులు కూడా ఉంటాయి. ఫోను చేద్దామంటే నాకు వినపడదని నీకు తెలుసు. యాభై ఏండ్లు సుత్తి చప్పుడు విన్న చెవులు ఇవి. ఇంక వేరేది వినమంటే వినవు.

నువ్వు చెప్పి పంపిన శిలాఫలకం అయిపోయింది. మీ పాత ఆఫీసు మనిషి మొన్న జీపులో వచ్చి తీసుకపోయినాడు. నల్లరాయి, మూడడుగులు రెండడుగులు. ముందు పక్క ఆయన కాయితంలో ఎట్లుందో అట్లే చెక్కినాను. వెనక పని కూడా ఎప్పటి మాదిరే చేసినాను.

రెండు సంగతులు అడగాలన్నా.

ఒకటి, తేదీ. ఆరేండ్ల కిందటి తేదీ ఇచ్చినాడు. "అప్పా, ఇది పోయిన తేదీ గదా" అన్నాను. ఆయన నా చెవి దగ్గరికి వచ్చి "నువ్వు రాళ్ళు చెక్కేటోనివా, పంచాంగం చెప్పేటోనివా?" అని అరిచినాడు. డ్రైవరు నవ్వినాడు. నాకు నలుగురిలో మాట రాదు, నీకు తెలుసు.

రెండోది, రాయిని పాతది చేయమన్నాడు. నా బతుకులో అట్లా ఎవరూ అడగలేదు. సమాధి రాయికి కూడా మెరుపే అడుగుతారు. మట్టి, పుల్లమజ్జిగ కలిపి పూసి రెండు దినాలు ఎండలో పెట్టినాను. అక్షరాల్లో పోసిన తెల్లరంగును అక్కడక్కడా గోరుతో లేపినాను. ఇంటి ముందర ఒకటే కంపు. మీ మరదలు సారమ్మ "ఏందీ, రాయి కుళ్ళిందా?" అని అడిగింది. నవ్వలేకపోయినాను. నా చేత్తో చేసిన అక్షరాన్ని నా గోరుతోనే గీకితే రోత పుట్టింది.

ఆ రాతి మీద మన ఊరి పేరుంది. 'ఆరోగ్య ఉపకేంద్రం ప్రారంభోత్సవం' అని ఉంది. మన ఊర్లో అది యాడుందన్నా? మా తమ్ముని మనవరాలు ఏంజెల్ ఆ ఊరికే నర్సు. ఇప్పటికీ చర్చి వసారాలో కూర్చోని సూదులు వేస్తుంది.

బేగా రాయి.

రాజరత్నం


నంద్యాల,
14 ఆగస్టు

మిత్రుడు రాజరత్నానికి,

నీ ఉత్తరం అందింది. అక్షరాల గురించి క్షమాపణలు ఎందుకు? బడిలో పలక మీద నువ్వు 'అ' రాస్తే అయ్యవారు అది అక్షరమా, ముడుచుకున్న తేలా అని అడిగారు. అప్పటి నుంచి అలవాటే నాకు.

నీ అనుమానం చిన్నది, తీరుస్తాను. ఏటా ఆడిటు వాళ్ళు ప్రభుత్వ శాఖల ఖర్చు చూసి, సందేహం ఉన్న చోట ఒక పేరా రాస్తారు. ఆ పేరాలు శాసనసభ కమిటీ ముందుకు పోతాయి. కమిటీ అంటే ఎమ్మెల్యేలే, అన్ని పార్టీల వాళ్ళూ ఉంటారు. అధికారులను ఎదుట కూర్చోబెట్టి జవాబు అడుగుతారు. కొన్ని చోట్లకు స్వయంగా వచ్చి చూస్తారు. చూసి సంతృప్తి చెందితే పేరా మూసేస్తారు. మన ఊరి ఉపకేంద్రం మీద 'భవనం కనిపించలేదు' అని ఒక పేరా పడింది. కమిటీ వచ్చే నెల వస్తోంది.

భవనం ఉంది. ఊరి బయట పాత విత్తనాల గోదామును అప్పట్లోనే కేంద్రంగా మార్చారు. మీరంతా దాన్ని గోదామనే పిలుస్తూ వచ్చారు. అప్పటి రాతి పలక పగిలిపోయింది కాబట్టి ఆడిటు వాళ్ళు గుర్తుపట్టలేదు. పగిలిన దాని స్థానంలో అదే తేదీతో ఇంకొకటి. అంతే.

నేను రిటైరై ఆరేళ్ళయినా కష్టం వస్తే మా ఆఫీసు వాళ్ళు నన్నే పిలుస్తారు. నోటు రాయడం కొత్త పిల్లలకు చేతకాదు. పొద్దున నడక, సాయంత్రం ఫైళ్ళు. మోకాళ్ళు తప్ప అన్నీ బాగున్నాయి.

సారమ్మకు చెప్పు, ఈసారి వచ్చినప్పుడు ఆమె చేతి ఉగ్గాని తినకుండా కదలనని.

ఈ ఉత్తరం దాచిపెట్టుకోనవసరం లేదు.

నీ
శ్యాంసుందర్


ఆళ్ళగడ్డ,
5 సెప్టెంబరు

శ్యామన్నకు,

మన ఊరికి పోయొచ్చినాను. చర్చి ఉపదేశి డేనియల్ సమాధికి రాయి నిలబెట్టే పని ఉండె. ఆ పని అయినాక గోదాము దిక్కు నడిచినాను. నువ్వు చెప్పింది నిజమే ఉంటుందని, ఒకసారి కండ్లతో చూస్తే మనసు నిలుస్తుందని పోయినాను.

గోడకు సున్నం కొడతాండారు. మేస్త్రీ ప్రేమ్ సాగర్ నాకు తెలిసినవాడే. అతని మాట పెదాలు చూస్తే అర్థమవుతుంది.

"ఏం కడతాండావప్పా?" అన్నాను.

"కట్టేదేం లేదు పెద్దాయనా. ఆసుపత్రి చేస్తాండా."

"ఎప్పటికి?"

"గురువారం పొద్దున్నకి."

"ఎన్నాళ్ళుంటాది?"

"గురువారం మాపటి దాకా."

అని మళ్ళీ సున్నం కొట్టుకున్నాడు. అతను ఎగతాళికి అనలేదు. అట్లా చెప్పినారు కాబట్టి చెప్పినాడు.

లోపలికి పోయినాను. విత్తనాల మూటలు వెనక గోడకు నెట్టి ముందర నీలం గుడ్డ కట్టినారు. ఎలుకల పెంటను చిమ్మలేదు, దాని మీదనే చాప పరిచినారు. రెండు ఇనుప మంచాలు, ప్లాస్టిక్ కాయితం కూడా విప్పలేదు. పురుగుమందు కంపుకు కండ్లు మండినాయి. వాకిలి పక్కన గోడలో నా రాయి. ముందర నిలబడితే నిజంగానే ఆరేండ్ల రాయి మాదిరి ఉంది. అంత బాగా చేసినాను.

ఏంజెల్ వచ్చింది. "తాతా, గురువారం తెల్లకోటు ఏసుకోని ఈడ నిలబడమన్నారు. నోరు తెరవొద్దన్నారు" అంది.

"నువ్వేమన్నావమ్మా?"

"నాది కాంట్రాక్టు ఉద్యోగం తాతా. ఏమంటా?"

సుష్మ అని ఆ ఊరి కోడలు. ఏడో నెల. ఏంజెల్ ఆమెను చర్చి వసారాలో రెండు కంబాలకు చీర కట్టి దాని చాటున చూస్తుంది. గాలికి చీర లేస్తే ఆ పిల్ల మొగం తిప్పుకోని కండ్లు మూసుకుంటుందంట. వానొస్తే మందుల డబ్బా ఒళ్ళో పెట్టుకోని ఏంజెల్ తడుస్తుంది.

"కమిటీ వాళ్ళు చూసి ఉందని రాసుకుంటే అయిపాయ తాతా. ఉన్న ఊరికి మళ్ళీ యాడ ఇస్తారు?" అంది ఏంజెల్.

గోదాము ఎప్పుడూ గోదామే. అందులో ఒక్కనాడు ఒక్క సూది వేయలేదు. పగిలిన పలక ఏదీ లేదు. నువ్వు నాకు అబద్ధం చెప్పినావా, నీకూ తెలీకుండా ఎవరన్నా చెప్పించినారా? రెండోదే అని రాయి. నమ్ముతాను.

రాజరత్నం


నంద్యాల,
8 సెప్టెంబరు

రత్నం,

నీ ప్రశ్నలకు సమయం లేదు. ఒక్క మాట రాస్తున్నాను.

ప్రభుత్వ వ్యవహారం ఊరి వ్యవహారం లాంటిది కాదు. ఒక పేరా తెరిచి ఉంటే ఆ శాఖకు వచ్చే ఏడాది నిధులు ఆగుతాయి. అది మూసుకుంటే అందరికీ మంచిది. కేంద్రం సంగతి తర్వాత చూడవచ్చు. ఇంతవరకు చర్చి వసారాతో ఎవరూ చచ్చిపోలేదు కదా.

గురువారం నువ్వు అక్కడికి పోవద్దు. నీ కొట్టుకు మండలాల నుంచి వచ్చే శిలాఫలకాలన్నీ ఎవరి మాట మీద వస్తున్నాయో నీకు తెలుసు. బెదిరింపుగా రాయడం లేదు. గుర్తు చేస్తున్నాను.

మోకాళ్ళ నొప్పులు ఎక్కువయ్యాయి. రాయడం ఆపుతాను.

శ్యాంసుందర్


ఆళ్ళగడ్డ,
14 సెప్టెంబరు

శ్యామన్నకు,

గురువారం పోయినాను.

నువ్వు వద్దన్నావని పంతానికి పోయింది కాదు, తప్పుగా అనుకోవద్దు. నా రాయి ముందర ఏం జరుగుతుందో చూడాలనిపించింది.

ఆరు కార్లు వచ్చినాయి. ఎమ్మెల్యేలు అయిదుగురు. మిగిలినోళ్ళంతా ఆఫీసర్లు, వాళ్ళ వెనక ఫోటోలోళ్ళు. నేను పక్కన వేపచెట్టు కింద నిలబడినాను. నాకు వినపడనివి తర్వాత ఏంజెల్ చెప్పింది.

కమిటీ పెద్ద నేరుగా నా రాయి దగ్గరికి వచ్చినాడు. పైనుంచి కింద దాకా చదివినాడు. ఒక అక్షరం గాడిలో వేలు పెట్టి చూసినాడు. "ఆళ్ళగడ్డ పనా? బాగుంది" అన్నాడంట. తర్వాత లోపలికి పోయినారు. ఒకాయన ముక్కుకు గుడ్డ పెట్టుకున్నాడు. ఏం కంపు అని అడిగితే ఆఫీసరు "మందుల వాసన సార్" అన్నాడంట. పురుగుమందుల మూట నీలం గుడ్డ వెనక ఉంది, అన్నా. ఎవరూ ఆ గుడ్డ లేపలేదు. చెయ్యి చాపితే అందుతుంది.

ఒకామె ఏంజెల్‌ను అడిగింది, నెలకు ఎంతమంది గర్భిణీ స్త్రీలు వస్తారమ్మా అని. ఏంజెల్ నోరు తెరిచిందంట. ఆఫీసరు ముందే "ఆ రికార్డు జిల్లా ఆఫీసులో ఉంది మేడమ్" అన్నాడంట. ఆమె తల ఊపి ముందుకు పోయింది.

ఇంక నా సంగతి. బయటికి వస్తా కమిటీ పెద్ద నన్ను చూసినాడు. తెల్లపంచె, తెల్లజుట్టు, ఊరి పెద్ద అనుకున్నట్టుంది. దగ్గరికి వచ్చి ఏదో అడిగినాడు. ఆయన మీసాలు పెదాల మీదికి ఉన్నాయి, నాకు అందలేదు. అందరూ నా దిక్కు చూస్తాండారు. ఇన్ని కండ్లు నా మీద ఎప్పుడూ పడలేదు. నాకు చెమట పట్టింది. ఏం చేయాలో తెలీక రెండు చేతులు జోడించి తల ఊపినాను.

వాళ్ళు నవ్వినారు. ఒకాయన పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. పోయినారు.

ఏంజెల్ వచ్చి నా చెవిలో చెప్పింది. "తాతా, ఈ ఆసుపత్రి మీకు ఆరేండ్లుగా పనికొస్తాందా అని అడిగినాడు. నువ్వు దండం పెట్టి ఊ అన్నావు."

రాసుకున్నది అదీ.

చర్చి గడియారం చూసినాను. మొత్తం పదకొండు నిమిషాలు. ఆ తర్వాత బడి ఆవరణలో పందిరి కింద భోజనాలు గంటన్నర. నాకూ ఆకు వేస్తామన్నారు. వద్దని చెప్పి గోదాము దగ్గరికి వచ్చేసినాను. కుక్కలు ఎముకలు కొరుకుతుండగానే ట్రాక్టరు వచ్చి మంచాలు రెండూ ఎక్కించుకోని పోయింది. ప్లాస్టిక్ కాయితం ఇంకా విప్పలేదు.

ఇంటికి వచ్చి చేతులు కడుక్కున్నాను. మూడుసార్లు కడుక్కున్నాను. వాళ్ళ మీద రోత సరే, వాళ్ళు అట్లాంటోళ్ళే. ఆ రాయి నాది, ఆ దండం నాది.

నీకొక సంగతి చెప్పలేదు. మా గురువు ఆచారి నేర్పిన పద్ధతి ఒకటుంది. ఏ రాయి అయినా వెనక కింది మూల నా గుర్తు, పని ముగిసిన అసలు తేదీ చెక్కాల. "ఎప్పుడన్నా పగిలితే ఎవరిదో, ఎప్పటిదో తెలియాల. కూలి అడక్కుండా మళ్ళీ చేసియ్యాల" అనేవాడు. యాభై ఏండ్లలో ఒక్క రాయికీ మానలేదు. ఈ రాయికీ చేసినాను. ఆలోచించి చేయలేదు, చెయ్యి దానంతట అదే చేసింది. ముందర ఆరేండ్ల కిందటి తేదీ. వెనక ఈ ఆగస్టు ఆరో తేదీ.

ఈ కమిటీకి జనం కూడా రాసుకోవచ్చంట. పేపర్లో పడింది, ఏంజెల్ చూపించింది. గడువు ఈ నెల ముప్పై.

రాజరత్నం


నంద్యాల,
18 సెప్టెంబరు

రత్నం,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఆఖరి పేరా ఇంకో నాలుగుసార్లు.

నీతో ఇక దాచి లాభం లేదు. ఆ కేంద్రం పూర్తయిందనీ, నిధులు దానికే వాడామనీ ఇచ్చిన ధ్రువపత్రం మీద మూడు సంతకాలున్నాయి. మొదటి సంతకం నాది.

రిటైర్మెంటుకు పదకొండు రోజులుంది. ఫైలు నా బల్ల మీద పెట్టారు. "ఇది కదిలితే మీ పింఛను కాగితాలూ కదులుతాయి" అన్నారు. నవ్వుతూనే అన్నారు. నంద్యాల నుంచి మన ఊరు ముప్పై కిలోమీటర్లు. నేను పుట్టిన ఊరు. బస్సెక్కితే గంట. పోయి చూడలేదు. చూస్తే సంతకం పెట్టలేనని తెలుసు, అందుకే పోలేదు. ముప్పై ఎనిమిదేళ్ళ సర్వీసులో అది ఒక్కటే. నిజంగా ఒక్కటే, రత్నం.

పై రెండు సంతకాల వాళ్ళు ఇప్పుడు పెద్ద స్థానాల్లో ఉన్నారు. పేరా తిరిగి తెరిస్తే అందరూ కిందికే వేలు చూపిస్తారు. మొదట సంతకం పెట్టింది నేను. నా పింఛను పోతుంది. అంతకంటే, నంద్యాలలో పొద్దున నడకకు పోలేను.

ఒక్క సాయం చెయ్యి. ప్రేమ్ సాగర్‌ను నీ దగ్గరికి పంపుతున్నాను. రాయి ఊడదీసి తెస్తాడు. వెనక ఉన్నది అరగదీసి, ముందు పక్క తేదీకి సరిపడేలా చెక్కి ఇవ్వు. నీ చెయ్యి అయితేనే నమ్ముతారు. నిన్ను ఎప్పుడూ ఏదీ అడగలేదు. బడిలో నీ మీద చింతబరికె పడినప్పుడు అడ్డం నిలబడింది ఎవరో నీకు గుర్తుండే ఉంటుంది.

శ్యాం


ఆళ్ళగడ్డ,
22 సెప్టెంబరు

శ్యామన్నా,

చింతబరికె గుర్తుంది. నీ ముంజేతి మీద గీత పడింది. దాన్ని మరిచిపోయేవాణ్ణి అయితే ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదు.

ప్రేమ్ సాగర్ నిన్న ఆటోలో రాయి తెచ్చినాడు. ఇద్దరం దింపినాము.

"వెనక తేదీ మార్చాలంట పెద్దాయనా" అన్నాడు.

"వినపడదప్పా" అన్నాను.

చెవిలో అరిచినాడు. "తేదీ, తేదీ."

"ఏందీ?"

"రేపు రమ్మంటావా, ఎల్లుండి రమ్మంటావా?"

"వినపడదప్పా."

అతను నా మొగం చూసి, రాయిని చూసి, బీడీ ముట్టించుకున్నాడు. "నాకూ ఏం వినపళ్ళేదులే" అని ఆటో ఎక్కిపోయినాడు. ఈ చెవులు ఆ గురువారం నన్ను ముంచినాయి. నిన్న ఒక పనికి వచ్చినాయి.

రాయి ఇప్పుడు నా కొట్టు ముందర ఉంది. ముందు పక్క గోడకు తిప్పినాను. వెనక పక్క రోడ్డుకు పెట్టినాను. పగిలిన రాయిని మళ్ళీ చేసియ్యాలని మా గురువు మాట. ఇది పగలకపోయినా చెడిన రాయే. తిరిగి ఇయ్యను. మండలాల పని పోతే పోనీ. సమాధి రాళ్ళు ఉన్నాయి. చచ్చినోళ్ళు పాత తేదీ అడగరు.

మొన్న శనివారం గట్టి వాన. సుష్మకు కాళ్ళు వాచి చర్చి వసారాకు వచ్చింది. చీర తడిసి ఒంటికి అతుక్కుంది. ఏంజెల్ గొడుగు పట్టుకోని ఒక చేత్తో రక్తపోటు చూసిందంట. ఎవరూ చచ్చిపోలేదు గదా అని నువ్వు రాసినావు. మన ఊరి నీళ్ళు తాగి రాసిన మాటేనా అది?

కమిటీకి అర్జీ రాసినాను. ఇందులోనే పెట్టినాను చూడు. తొమ్మిది వరసలు. గోదాము గోదామే అని, మంచాలు అదే దినం పోయినాయని, నేను దండం పెట్టింది వినపడక అని, రాయి వెనక తేదీ చూసుకోమని. దాని మీద రెండు దినాలు కూర్చున్నాను. అయినా నా రాత అమరావతిలో ఎవరూ చదవరు. తేలు అంటారు.

నువ్వు ఆ ఆఫీసులో ముప్పై ఎనిమిదేండ్లు మంచి ప్రతులు రాసినావు. ఇది కూడా రాయి. నా మాటలు మార్చొద్దు. కింద నా సంతకం పెట్టుకుంటాను, దాని పక్కన చోటు వదులు. ఆ చోటు నీది. నీ అంతట నువ్వు చెప్తే అది ఒక లెక్క, ఇంకొకరు వేలు చూపిస్తే ఇంకొక లెక్క.

నీకు చేత కాకుంటే నా కాయితం నాకు పంపు. నా రాతతోనే పోతుంది. భయపడొద్దు, అందులో నీ పేరు ఉండదు. నువ్వు ఆ సంతకం పెట్టేది నేను చూడలేదు. చూడనిది నేను రాయను.

గడువు ముప్పై. అమరావతికి పోస్టు మూడు దినాలు పడుతుంది. ఇరవై ఆరు లోపల నాకు అందేట్టు రాయి, శ్యామన్నా. బేగా రాయి.

నీ
రాజరత్నం